క్లచ్ మీద కాలు, తాళం మీద చెయ్యి: సెల్ఫ్ స్టార్టర్ ఇచ్చిన కెట్టరింగ్ జీవితం



ప్రతిసారీ ఈ శీర్షికలో మన భాషకో, మన ఊళ్ళకో సేవ చేసిన పెద్దల గురించి రాస్తూ వస్తున్నాము. ఈసారి ఆ వరస తప్పించి, సముద్రాలకు అవతల పుట్టి, తెలుగు మాటే వినని ఒక మనిషి గురించి రాస్తున్నాము. అందుకు కారణం ఉంది.

మొన్న మా సంఘం సమావేశం రోజు, హోసూరులో మేము అద్దెకు తీసుకున్న హాలు ముందు ఒక సభ్యుని కారు ఆపి ఉంది. గేరులోనే ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేయకుండా ఆయన దిగి లోపలికి వచ్చారు. తాళం కారులోనే ఉంది. పాటలు పెట్టుకుందామని పదేళ్ళ పిల్లవాడు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. కారు ఒక్క దూకు దూకి, మెట్ల దగ్గర చెప్పులు విడుస్తున్న ఇద్దరు పెద్దవాళ్ళకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం సంఘం లెక్కలు చదవాల్సిన మాకు మాత్రం అరగంట దాకా గొంతు పెగల్లేదు.

తర్వాత విచారిస్తే తెలిసింది. క్లచ్ తొక్కనిదే స్టార్ట్ కాకుండా ఆ కారులో ఒక చిన్న స్విచ్ ఉండేదట. అది పాడైతే, కొత్తది వేయడానికి రెండు రోజులు పడుతుందని, ఒక మెకానిక్ రెండు వైర్లూ కలిపి డైరెక్ట్ చేసేశాడట. అలా ఏడాదిగా నడుస్తోంది.

ఆ స్విచ్ కథ వెతుకుతూ వెళ్ళిన మాకు, దాని వెనుక అసలు కారుకు సెల్ఫ్ స్టార్టర్ ఎలా వచ్చిందన్న కథ దొరికింది. ఆ కథలో చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగ్ అనే మనిషి దొరికాడు. ఆయన చేసిన మేలూ పెద్దదే, ఆయన చేతి మీదుగా జరిగిన కీడూ పెద్దదే. రెండూ చెప్పుకుందాం.

పొలంలో పుట్టి, కళ్ళతో పోరాడి

కెట్టరింగ్ 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర ఒక రైతు ఇంట పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో నాలుగోవాడు. ఇంట్లో కరెంటు లేదు, మోటారు లేదు. పొలం పని, పశువుల పని, దూరం నడిచి వెళ్ళే బడి, ఇవే ఆయన బాల్యం. మన పల్లెల్లో పెరిగిన వాళ్ళకు ఆ బాల్యం కొత్తదేమీ కాదు.

ఆయనకు చిన్నప్పటి నుంచీ కంటిచూపు ఇబ్బంది. కాసేపు చదివితే తలనొప్పి పట్టుకునేది. అయినా చదువు మానలేదు. హైస్కూలు చదువయ్యాక చుట్టుపక్కల బడుల్లో పంతులుగా పని చేశాడు. వూస్టర్ కాలేజీలో చేరాడు. తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరాడు. అక్కడ కళ్ళు మరీ మొరాయించడంతో చదువు మధ్యలో ఆపేయాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చి ఊరికే కూర్చోలేదు. టెలిఫోన్ స్తంభాలు పాతే ముఠాలో కూలీగా చేరాడు. గుంతలు తవ్వడం, స్తంభాలు నిలబెట్టడం, తీగలు లాగడం పని. కొంతకాలానికి ఆ ముఠాకు మేస్త్రీ అయ్యాడు. ఆరుబయట పనిలో కళ్ళకు కాస్త విశ్రాంతి దొరికింది, ఆరోగ్యం కుదుటపడింది. కరెంటు తీగలో ఎలా నడుస్తుందో పుస్తకంలో కాకుండా చేత్తో తెలుసుకున్నాడు. మళ్ళీ వెళ్ళి కాలేజీలో చేరి, 1904లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. అప్పటికి వయసు 28 దగ్గర పడింది. తోటివాళ్ళ కంటే ఆరేడేళ్ళు వెనుక.

మా సంఘంలో కాలేజీ మధ్యలో మానేసి పనిలో చేరిన పిల్లలున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు మా దగ్గర బాధపడుతుంటారు. ఈ పేరా వాళ్ళ కోసమే కొంచెం నింపాదిగా రాశాము.

గల్లాపెట్టెకు మోటారు

పట్టా రాగానే డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. దుకాణాల్లో డబ్బులు లెక్కగట్టే యంత్రాలు చేసే కంపెనీ అది. అప్పట్లో ఆ యంత్రానికి పక్కన ఒక పిడి ఉండేది. ప్రతి బేరానికీ దాన్ని తిప్పితేనే అంకెలు పడేవి, సొరుగు తెరుచుకునేది. దాన్ని కరెంటుతో నడపడం కెట్టరింగ్ పని.

ఇక్కడ ఆయనకు ఒక విషయం అర్థమైంది. ఫ్యాన్‌లా రోజంతా తిరిగే మోటారు వేరు, ఒక్క క్షణం బలంగా తిరిగి ఆగిపోయే మోటారు వేరు. రోజంతా తిరిగే మోటారు మీద ఎక్కువ భారం పెడితే వేడెక్కి కాలిపోతుంది. కానీ ఒక్క క్షణమే పని చేసి ఆగిపోయేదైతే, చిన్న మోటారుతోనే దాని శక్తికి మించిన పని చేయించవచ్చు. వేడెక్కేలోపే పని అయిపోతుంది. అలా 1906లో మోటారుతో నడిచే గల్లాపెట్టె తయారైంది. అప్పు మీద సరుకు తీసుకునే ఖాతాదారుకు సరుకు ఇవ్వవచ్చా లేదా అని కౌంటరు నుంచే ఆఫీసును అడిగి తెలుసుకునే టెలిఫోన్ ఏర్పాటు కూడా ఆయన అక్కడే చేశాడు.

ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసి, నగదు పుస్తకాలతో కుస్తీ పట్టిన మాకు ఈ భాగం చదువుతుంటే ముచ్చటేసింది. కార్ల చరిత్రను మలుపు తిప్పిన ఆలోచన గల్లాపెట్టె దగ్గర పుట్టిందన్నమాట.

డీడ్స్ గారి కొట్టం

అదే కంపెనీలో ఎడ్వర్డ్ డీడ్స్ అనే పై అధికారి ఉండేవాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. డీడ్స్ ఇంటి వెనుక ఒక కొట్టం ఉండేది. సాయంత్రాలు, సెలవు దినాలు కెట్టరింగ్, ఇంకొందరు తోటి ఉద్యోగులు అక్కడ చేరి కారుకు కావలసిన విద్యుత్ సామాను మీద పని చేసేవారు. పగలు ఉద్యోగం, రాత్రి కొట్టం. 1905లో కెట్టరింగ్‌ను పెళ్ళాడిన ఆలివ్ విలియమ్స్ ఆ రాత్రులన్నీ ఓర్చుకున్న ఇల్లాలు.

మొదట ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ పద్ధతిని మెరుగు చేశారు. కాడిలాక్ కార్ల కంపెనీ అధిపతి హెన్రీ లీలాండ్ దాన్ని మెచ్చి 8,000 సెట్లకు ఆర్డరు ఇచ్చాడు. అది 1909. ఆర్డరు చేతికొచ్చాక కెట్టరింగ్ ఉద్యోగం వదిలాడు. డీడ్స్‌తో కలిసి డేటన్ ఇంజనీరింగ్ ల్యాబొరేటరీస్ కంపెనీ పెట్టాడు. ఆ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందే డెల్కో. మన ఆటోమొబైల్ షాపుల్లో పాత మెకానిక్కులకు ఆ పేరు ఇప్పటికీ తెలుసు.

హ్యాండిల్ కొట్టే రోజులు

అప్పట్లో కారు స్టార్ట్ చేయాలంటే ముందుకు వెళ్ళి, ఇనుప హ్యాండిల్ దూర్చి, బలమంతా పెట్టి తిప్పాలి. మన దేశంలో పాత అంబాసిడర్లకు, జీపులకు, లారీలకు హ్యాండిల్ కొట్టిన వాళ్ళు ఈ మాట చదవగానే భుజం తడుముకుంటారు. పెద్ద డ్రైవర్లు కుర్రవాళ్ళకు మొదట నేర్పే పాఠం ఒకటుండేది. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి గానీ చుట్టూ వేసి పట్టుకోకూడదు. ఎందుకంటే ఇంజన్ సరైన సమయానికి ముందే అంటుకుంటే హ్యాండిల్ ఎదురు తిరిగి కొడుతుంది. బొటనవేలు, మణికట్టు, ఒక్కోసారి దవడ విరిగిపోతాయి.

కార్టర్‌కార్ అనే కారు చేసిన బైరన్ కార్టర్, లీలాండ్‌కు స్నేహితుడు. దారిలో ఆగిపోయిన ఒక మహిళ కారుకు సాయంగా హ్యాండిల్ తిప్పబోతే అది ఎదురు తిరిగి తగిలిందని, ఆ దెబ్బ తర్వాత వచ్చిన జబ్బుతో ఆయన చనిపోయాడని కార్ల చరిత్రలో తరచూ చెప్పుకుంటారు. కార్టర్ 1908లో చనిపోయాడు. ఆ సంఘటన వివరాలు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. లీలాండ్ మాత్రం తన కార్లకు ఈ హ్యాండిల్ బెడద వదిలించాలని పట్టుబట్టాడు. ఆ పని కెట్టరింగ్ దగ్గరికి వచ్చింది.

అప్పటికే చాలామంది ప్రయత్నించారు. కొందరు స్ప్రింగులతో, కొందరు గాలి ఒత్తిడితో. కరెంటు మోటారు పెట్టాలంటే దాదాపు ఇంజన్ అంత మోటారూ, దానికి తగ్గ పెద్ద బ్యాటరీలూ కావాలని నిపుణులు లెక్కలు వేసి చూపించారు. ఆ లెక్క తప్పు కాదు, రోజంతా తిరిగే మోటారుకైతే. కెట్టరింగ్‌కు గల్లాపెట్టె గుర్తుంది. ఇంజన్ తిప్పడానికి కావలసింది కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లు చిన్న మోటారు ఓర్చుకుంటుంది.

కొట్టంలో రాత్రింబవళ్ళు పని జరిగింది. 1911 ఫిబ్రవరిలో స్టార్టర్ అమర్చిన కారును కాడిలాక్ వాళ్ళకు చూపించారు. 1912 మోడల్ కార్లన్నిటికీ అదే పెట్టాలని కంపెనీ నిర్ణయించింది. కొట్టంలో నమూనాలు చేసుకునే మనుషులు ఒక్కసారిగా వేల సెట్లు తయారు చేసే ఫ్యాక్టరీ పెట్టాల్సి వచ్చింది. ఈ విద్యుత్ ఏర్పాటుకే కాడిలాక్ కంపెనీకి బ్రిటన్‌లో డ్యూయర్ ట్రోఫీ వచ్చింది. కెట్టరింగ్ పెట్టుకున్న పేటెంటు 1915 ఆగస్టులో మంజూరైంది.

మొదటి స్టార్టర్‌లోనే క్లచ్

ఇప్పుడు మా స్విచ్ దగ్గరికి వద్దాం. ఆ మొదటి ఏర్పాటు పని చేసిన తీరు చదివి మేము ఆశ్చర్యపోయాము.

ఒకే యంత్రం మూడు పనులు చేసేది. మొదట మోటారుగా మారి ఇంజన్‌ను తిప్పేది. ఇంజన్ అంటుకున్నాక డైనమోగా మారి బ్యాటరీని ఛార్జి చేసేది. లైట్లకూ, ఇగ్నిషన్‌కూ కరెంటు ఇచ్చేది. స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ భాగాలు ఒకదాని వెనుక ఒకటి కలిసి 24 వోల్టులు ఇచ్చేవి. ఛార్జి చేసేటప్పుడు అవే విడివడి 6 వోల్టుల మీద పని చేసేవి.

డ్రైవరు సీట్లో కూర్చుని, నిప్పురవ్వ ఆలస్యంగా పడేలా మీట సర్ది, క్లచ్ పెడల్ ముందుకు తొక్కేవాడు. ఆ తొక్కడంతోనే మోటారు పళ్ళచక్రం ఇంజన్ ఫ్లైవీల్ పళ్ళతో కలిసేది. అంటే క్లచ్ తొక్కనిదే మోటారు ఇంజన్‌ను పట్టుకోదు. క్లచ్ తొక్కి ఉన్నప్పుడు ఇంజన్‌కూ చక్రాలకూ సంబంధం ఉండదు. కాబట్టి ఏ గేరులో ఉన్నా కారు కదలదు. కెట్టరింగ్ దీన్ని భద్రత కోసమే చేశాడో, వీలు కోసం చేశాడో మేము తీర్పు చెప్పబోము. ఫలితం మాత్రం ఒకటే: మొదటి సెల్ఫ్ స్టార్టర్ క్లచ్ పెడల్‌తో ముడిపడి పుట్టింది.

తర్వాతి కాలంలో ఆ ముడి విడిపోయింది. స్టార్టర్ మోటారు, డైనమో వేరు వేరయ్యాయి. స్టార్ట్ చేయడానికి నేల మీద బటనో, డ్యాష్‌బోర్డు మీద బటనో వచ్చింది. 1949లో క్రైస్లర్ కార్లలో తాళం తిప్పితే స్టార్ట్ అయ్యే పద్ధతి వచ్చి, తర్వాత లోకమంతా అదే అలవాటైంది. సుఖం పెరిగింది. దానితో పాటు ఒక ప్రమాదం కూడా వచ్చింది. కాలు ఎక్కడున్నా, గేరు ఎక్కడున్నా, చెయ్యి ఒక్కటి తాళం తిప్పితే చాలు. గేరులో ఉన్న కారుకు తాళం తిప్పితే స్టార్టర్ మోటారు ఇంజన్‌తో పాటు చక్రాలను కూడా తిప్పుతుంది. కారు ముందుకో వెనక్కో దూకుతుంది. ఇంజన్ అంటుకుంటే ఆగకుండా పోతుంది కూడా.

అందుకే కాలక్రమంలో మళ్ళీ పాత ముడి వేశారు, ఈసారి ఒక చిన్న స్విచ్‌తో. క్లచ్ పెడల్ పైభాగంలో అది ఉంటుంది. తాళం నుంచి స్టార్టర్ సోలినాయిడ్‌కు వెళ్ళే కరెంటు దారిలో దాన్ని పెడతారు. కొన్ని కార్లలో అది కంప్యూటరుకు సంకేతం ఇస్తుంది. పెడల్ అడుగు దాకా తొక్కితేనే దారి కలుస్తుంది. లేకపోతే తాళం తిప్పినా చప్పుడుండదు. ఆటోమేటిక్ కార్లలో పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప స్టార్ట్ కాకపోవడం ఇలాంటిదే. మన మోటారు సైకిళ్ళలో చాలావాటికి గేరులో ఉన్నప్పుడు క్లచ్ లివరు పట్టుకుంటేనే సెల్ఫ్ పని చేయడం కూడా ఇదే కుటుంబం.

దీనిమీద అభ్యంతరాలు లేకపోలేదు. రైలు గేటు మధ్య ఇంజన్ ఆగిపోతే, పాత కార్లలో ఫస్ట్ గేరు వేసి స్టార్టర్‌తోనే కారును పట్టాలు దాటించేవారు. ఈ స్విచ్ ఉంటే అది కుదరదు. కొండదారుల్లో నడిపే కొన్ని బండ్లకు అందుకే స్విచ్‌ను తాత్కాలికంగా తప్పించే బటన్ కంపెనీ వాళ్ళే ఇచ్చారు. ప్రతిసారీ క్లచ్ తొక్కి స్టార్ట్ చేస్తే ఇంజన్ లోపలి బేరింగు అరుగుతుందని వాదించే మెకానిక్కులూ ఉన్నారు. ఆ వాదనల్లో కొంత నిజం ఉండవచ్చు. కానీ మా మెట్ల దగ్గర జానెడు దూరంలో ఆగిన కారును చూసిన వాళ్ళకు ఆ వాదనలు తలకెక్కవు.

పెద్ద కంపెనీలో పెద్ద మనిషి

కెట్టరింగ్ కథ సెల్ఫ్ స్టార్టర్‌తో ఆగలేదు. 1916లో డెల్కో అమ్ముడైంది. తర్వాత అది జనరల్ మోటార్స్‌లో కలిసింది. 1920 నుంచి 1947లో పదవి విరమించే దాకా ఆ కంపెనీ పరిశోధన విభాగానికి ఆయనే అధిపతి.

అన్నీ విజయాలే కావు. నీళ్ళతో కాకుండా రాగి రెక్కల మధ్య గాలితో చల్లబడే ఇంజన్‌ను ఆయన ఎంతో నమ్మి తయారు చేశాడు. 1923లో షెవర్లే కార్లలో పెట్టారు. వేడి తట్టుకోలేక, మొరాయించి, కంపెనీ వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. రాజీనామాకు సిద్ధపడిన కెట్టరింగ్‌ను ఆల్ఫ్రెడ్ స్లోన్ సర్దిచెప్పి నిలబెట్టుకున్నాడు.

కార్లకు వేసే రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టే కాలంలో, డ్యుపాంట్ కంపెనీతో కలిసి గంటల్లో ఆరే డ్యూకో రంగును తెచ్చారు. మన పాత మెకానిక్కులు కారుకు డ్యూకో కొట్టించాలి అనే మాట అక్కడి నుంచి వచ్చిందే.

రైలింజన్ల మీద ఆయన ముద్ర ఇంకా గట్టిది. రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజన్‌ను తేలికగా, బలంగా తయారు చేయించాడు. కొడుకు యూజీన్ కూడా ఆ పనిలో ముఖ్యుడు. ఆవిరి ఇంజన్ల కాలం ముగియడానికి ఆ ఇంజన్లు పెద్ద కారణం. ఆ వంశంలోని ఇంజన్లు 1962లో మన భారతీయ రైల్వేకు వచ్చాయి. 1999 నుంచి వచ్చిన కొత్త తరం ఇంజన్లు హుబ్బళ్ళి షెడ్డు నుంచి మన దక్షిణాది లైన్ల మీద గూడ్సు బండ్లు లాగుతున్నాయి. మన ఊళ్ళ మధ్య రాకపోకలకూ డేటన్ కొట్టానికీ అలా ఒక చుట్టరికం ఉంది.

సీసం మచ్చ

ఇప్పుడు కష్టమైన భాగం. మంచి మనిషి కథ రాస్తూ దీన్ని దాటేస్తే సంఘం లెక్కల్లో ఖర్చు దాచిన కార్యదర్శి అవుతాము.

ఇంజన్‌లో పెట్రోలు సరైన సమయానికి ముందే అంటుకుని టకటకమని కొట్టుకోవడాన్ని నాకింగ్ అంటారు. దాన్ని ఆపే మందు కోసం కెట్టరింగ్ విభాగంలో థామస్ మిడ్జ్‌లీ ఏళ్ళ తరబడి వెతికాడు. 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ దొరికింది. అంటే సీసం కలిసిన ద్రవం. కొద్ది చుక్కలతో నాకింగ్ ఆగిపోయింది. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లోనే సీసం కలిపిన పెట్రోలు మొదటిసారి అమ్మారు. 1924లో దానికోసం ఇథైల్ కార్పొరేషన్ పెడితే, మొదటి అధ్యక్షుడు కెట్టరింగే.

సీసం విషమని లోకానికి ఎప్పటి నుంచో తెలుసు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక ప్లాంటులో ఆ ద్రవంతో పని చేసిన ఐదుగురు కార్మికులు మతి చలించి, మెలికలు తిరిగి చనిపోయారు. ఇతర చోట్ల కూడా మరణాలు జరిగాయి. కొన్నాళ్ళు అమ్మకం ఆపారు, విచారణ జరిగింది, మళ్ళీ మొదలుపెట్టారు. తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా లోకమంతా ఆ పొగ పీల్చింది. పిల్లల మెదడుకు అది చేసిన హాని తర్వాతి పరిశోధనల్లో బయటపడింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. లోకంలో చివరిగా అల్జీరియాలో 2021లో ఆగింది.

హ్యాండిల్ దెబ్బకు విరిగే దవడలు అందరికీ కనిపించాయి. వాటికి మందు కనిపెట్టాడు. పొగలో కనిపించని విషాన్ని మాత్రం, హెచ్చరించిన వాళ్ళున్నా, వ్యాపారం వైపు నిలబడి నడవనిచ్చాడు. తెలివి ఒకటే, మనిషి ఒకడే. కెట్టరింగ్ జీవితంలో మమ్మల్ని ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే.

చివరి రోజులు

డబ్బు చాలా సంపాదించాడు, చాలా పంచాడు. 1927లో కెట్టరింగ్ ఫౌండేషన్ పెట్టాడు. ఆకు పచ్చగా ఎందుకుంటుంది, ఎండను తిండిగా ఎలా మార్చుకుంటుంది అన్న ప్రశ్న మీద పరిశోధనలకు సాయం చేశాడు. 1945లో స్లోన్‌తో కలిసి న్యూయార్కులో క్యాన్సర్ పరిశోధనకు స్లోన్ కెట్టరింగ్ సంస్థ ఏర్పడింది. మన దేశం నుంచి వైద్యానికి, పరిశోధనకు వెళ్ళే వాళ్ళు ఆ పేరు విని ఉంటారు. 1946లో భార్య ఆలివ్ మరణించింది. 1958 నవంబరు 25న డేటన్‌లో, 82 ఏళ్ళ వయసులో కెట్టరింగ్ కన్నుమూశాడు. డేటన్ పక్కనే ఆయన పేరున ఒక పట్టణం ఉంది. ఫ్లింట్ నగరంలోని ఇంజనీరింగ్ కాలేజీ 1998లో ఆయన పేరు పెట్టుకుంది.

మా మాట

మా సంఘంలో వాహనాల ఫ్యాక్టరీల్లో పని చేసే వాళ్ళు, డ్రైవర్లు, సొంత కార్లున్న వాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ రోజు మెట్ల దగ్గర ఉన్న ఇద్దరిలో ఒకరికి 78 ఏళ్ళు. మా సంఘం తొలి సభ్యుల్లో ఒకరు. అందుకే కార్యవర్గంలో మాట్లాడుకుని నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాము.

క్లచ్ స్విచ్ పాడైతే కొత్తది వేయించండి. కారు రెండు రోజులు షెడ్డులో ఉన్నా ఫర్వాలేదు, డైరెక్ట్ మాత్రం చేయించవద్దు. సెకండ్ హ్యాండ్ కారు కొంటే, క్లచ్ తొక్కకుండా తాళం తిప్పి చూడండి. చూసే ముందు హ్యాండ్ బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో పెట్టి, ముందూ వెనుకా ఎవరూ లేకుండా చూసుకోండి. అప్పుడు స్టార్ట్ అయితే మీ కారులో స్విచ్ లేదనో, ఎవరో తప్పించారనో లెక్క. దిగేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయండి, తాళం జేబులో వేసుకోండి. స్విచ్ ఉన్నా లేకపోయినా క్లచ్ తొక్కి, న్యూట్రల్ చూసుకుని స్టార్ట్ చేయడం అలవాటు చేసుకోండి. పిల్లలకు కూడా అదే నేర్పండి.

ఆ కారు యజమాని మా మాట విని మరుసటి వారమే స్విచ్ వేయించారు. ఖర్చు ఎంతయిందని అడిగాము. ఆ రోజు సమావేశానికి తెప్పించిన టిఫిను ఖర్చుకన్నా తక్కువే. ఆ పిల్లవాడు ఇప్పుడు కారు దగ్గరికి పోవడానికే జంకుతున్నాడట. భయం పోయాక వాణ్ణి ఒకసారి ముందు సీట్లో కూర్చోబెట్టి, క్లచ్ అంటే ఏమిటో, కెట్టరింగ్ ఎవరో చెప్పమని ఆయనకు చెప్పాము.

వచ్చేసారి మళ్ళీ మన పెద్దల దగ్గరికే వద్దాం. సెలవు.